పరుగులో ఛాతీ నొప్పి: గ్యాస్ అనుకుని వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 23. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. రెండు నెలలుగా రోజూ తెల్లవారుజామున అయిదింటికి కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నాను. షాట్‌పుట్ కోసమని మూడు వారాల కిందట జిమ్‌లో కూడా చేరాను. పది రోజులుగా ఛాతీలో నొప్పి వస్తోంది. ఎడమ పక్క ఒకచోట సూదితో పొడిచినట్టు ఉంటుంది, చెయ్యి పైకెత్తితే ఎక్కువవుతుంది. మూడో రౌండుకు వచ్చేసరికి ఛాతీ అంతా బిగబట్టినట్టయి ఊపిరాడదు. ఆగాక పది నిమిషాల దాకా దగ్గు. గుడ్లు, అరటిపండు తిని వెళ్లిన రోజు గుండెల్లో మంట. మొన్న ఒకరోజు కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయాను. ఫ్రెండ్స్ గ్యాస్ అంటే గ్యాస్ బిళ్లలు వేసుకుంటున్నాను. జిమ్‌లో ఇచ్చిన ప్రీ వర్కౌట్ పౌడర్ తాగుతున్నాను. ఇంట్లో చెబితే మాన్పించేస్తారు. ఈసీజీ ఒకటి తీయించుకుంటే సరిపోతుందా? జబ్బేదైనా బయటపడితే అన్‌ఫిట్ చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మా బాబాయి కూడా 38 ఏళ్లకే సంక్రాంతికి వాలీబాల్ ఆడుతూ పడిపోయి చనిపోయాడు. ఫిట్స్ అన్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నొప్పి గురించి వివరంగా రాశారు. బాబాయి సంగతి మాత్రం ఆఖర్న, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ మాటే. అది లేకపోతే నా జవాబు ఇంకోలా ఉండేది.

అందుకే ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. డాక్టరు మిమ్మల్ని పరీక్ష చేసి, ఈసీజీ, 2డి ఎకో (గుండెను స్కానింగ్‌లో చూసే పరీక్ష) అయ్యేదాకా పరుగు, జిమ్ రెండూ ఆపండి. మామూలు నడక నడవండి, చదువు సాగించండి. పది రోజులు గ్రౌండుకు వెళ్లకపోతే టైమింగ్ పోతుందని భయపడొద్దు. రెండు నెలలు కష్టపడి తెచ్చుకున్న దమ్ము పది రోజుల్లో పోదు. తగ్గినా కాస్త తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

ఇక నొప్పి విషయం. మీరు ఒక నొప్పి అనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరంలో మూడు నొప్పులున్నాయి. మూడింటికీ ఒకే బిళ్ల పనిచేయదు.

సూదితో పొడిచినట్టుండే నొప్పి మొదటిది. ఛాతీ నొప్పి అని వచ్చినవాళ్లను మేం మొదట అడిగేది, ‘ఎక్కడ? చూపించండి’ అని. కుర్రాళ్లలో చాలామంది చూపుడు వేలు ఒక్కచోట ఆనించి ‘ఇక్కడ సార్’ అంటారు. గుండెపోటుతో వచ్చిన పెద్దవాళ్లు అలా చూపించలేరు. అరచెయ్యో పిడికిలో ఛాతీ మధ్యలో అదిమిపట్టి, ‘ఇక్కడంతా ఏదో బరువు పెట్టినట్టుంది’ అంటారు. మీది వేలితో చూపించగల నొప్పి, పైగా చెయ్యి ఎత్తితే ఎక్కువవుతోంది. పక్కటెముకలు ఛాతీ మధ్య ఎముకను కలిసేచోట మృదులాస్థి ఉంటుంది. చెవి దొప్పలో ఉండే మెత్తటి ఎముకలాంటిదే అది. బెంచ్ ప్రెస్‌లు, పుషప్‌లు ఒక్కసారిగా మొదలుపెట్టినా, 7.26 కిలోల గుండును ఒళ్లు అలవాటు పడకముందే విసిరినా ఆ అతుకుల దగ్గర వాపు వస్తుంది. ఛాతీ కండరం పట్టేసినా ఇలాగే ఉంటుంది. పడుకుని ఆ చోటును వేలితో గట్టిగా నొక్కి చూడండి. అచ్చం అదే నొప్పి వస్తే అది ఎముక, కండరాల నొప్పి కావడానికే ఎక్కువ అవకాశం. బరువులు మానేసి, వేడి కాపడం పెట్టుకుంటే మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మరీ ఇబ్బందిగా ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. మెడికల్ షాపులో అడిగి నొప్పుల బిళ్లలు తెచ్చుకుని ఖాళీ కడుపున మింగకండి, మీ గుండెల్లో మంట ఇంకా పెరుగుతుంది.

ఊరికే కూర్చుని చదువుకునేటప్పుడు కూడా ఒక్కోసారి చటుక్కున పొడిచి, ఊపిరి తీస్తే ఎక్కువై, నిమిషం రెండు నిమిషాల్లో దానంతటదే పోతుందా? అలాంటి నొప్పి మీ వయసువాళ్లలో చాలామందికి వస్తుంది. దానివల్ల ప్రమాదం లేదు.

నొక్కితే నొప్పి వచ్చింది కాబట్టి గుండెకు ఏమీ లేదని మాత్రం తేల్చేసుకోకండి. ఒకే మనిషికి పక్కటెముక నొప్పీ, గుండె జబ్బూ రెండూ ఉండొచ్చు. మీ విషయంలో నేను ఆగుతున్నది ఇక్కడే. ఎందుకంటే మీ రెండో నొప్పి ఈ లెక్కలోకి రాదు.

మూడో రౌండులో ఛాతీ బిగబట్టడం, ఊపిరాడకపోవడం, ఆగాక దగ్గు. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు. అంటే నాలుగు వందల మీటర్ల ట్రాక్‌పై ఒక్కో రౌండు సుమారు 1 నిమిషం 49 సెకన్లు. మూడో రౌండుకు వచ్చేసరికి మీరు పరుగు మొదలుపెట్టి నాలుగైదు నిమిషాలవుతుంది. అప్పటికి ముక్కుతో పీల్చేది చాలక నోటితో పీలుస్తుంటారు. చల్లటి, పొడి గాలి నేరుగా లోపలికి పోయి శ్వాసనాళాల లోపలి తడిని ఆరబెడుతుంది. కొందరిలో దానికి శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఛాతీ పట్టేస్తుంది, పిల్లికూతలు వినిపించొచ్చు, ఆగిన అయిదు పది నిమిషాల దాకా దగ్గు ఎక్కువవుతుంది, అరగంట గంటలో సర్దుకుంటుంది. వ్యాయామంతో వచ్చే ఆస్తమా ఇది. చలికాలం తెల్లవారుజామున, పక్కన ఎవరో చెత్త తగలబెట్టిన పొగ గ్రౌండు మీద కమ్ముకుని ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు ఆయాసం, తుమ్ములు, దుమ్ము పడకపోవడం ఉండేవా అని అమ్మగారిని అడగండి.

మీ దగ్గు వర్ణన చూస్తే నాకు మొదట తోచింది ఇదే. పరుగుకు ముందూ తర్వాతా స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష, చేస్తే తెలిసిపోతుంది. ఆస్తమాయే అని తేలితే, పరుగుకు పావుగంట ముందు పీల్చే ఇన్‌హేలర్‌తో చాలామంది ఇబ్బంది లేకుండా పరుగెత్తగలరు. ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదని, గుండె బలహీనమవుతుందని మన ఊళ్లలో భయం ఎక్కువ. అది నిజం కాదు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కు ఆస్తమా ఉంది. ఆమె 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది.

అయితే పరుగులో వచ్చి, ఆగితే తగ్గే బిగబట్టు గుండె నుంచి కూడా రావచ్చు. పనితో వచ్చి విశ్రాంతితో పోవడం గుండె నొప్పి అసలు లక్షణం. రెండింటికీ తేడా ఉత్తరంలో చెప్పలేం, పరీక్షతోనే తేలాలి.

మూడోది మంట. ఇది తేలికైన విషయం. తిన్న వెంటనే పరుగెత్తితే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని గొంతుదాకా మండుతుంది. గుడ్లు, పల్లీలు లాంటివి పరుగు అయ్యాక తినండి. మరీ నీరసమైతే అరగంట ముందు సగం అరటిపండు చాలు. మీ ఫ్రెండ్స్ చెప్పిన గ్యాస్ ఈ ఒక్క నొప్పికే వర్తిస్తుంది. మిగతా రెంటికీ అదే పేరు పెట్టి బిళ్లలు మింగడం వల్ల పది రోజులు గడిచిపోయాయి.

ఇప్పుడు బాబాయి దగ్గరికి వద్దాం. ముప్పై అయిదు దాటినవాళ్లు వ్యాయామం చేస్తూ కూలిపోతే ఎక్కువగా గుండె రక్తనాళాల్లో పూడికే కారణం. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ ఉదయం వ్యాయామం చేశాక ఒంట్లో బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళ్లి, అదే రోజు 46 ఏళ్లకే చనిపోయినప్పుడు జిమ్‌కు వెళ్లే ప్రతి ఇంట్లోనూ భయం పుట్టింది. కానీ మీ వయసువాళ్లలో కారణాలు వేరు. చాలావరకు పుట్టుకతోనో వంశపారంపర్యంగానో వచ్చినవే. వాటిలో ముఖ్యమైనది గుండె గోడ కండరం మందమెక్కే జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. మందమెక్కిన గోడ వల్ల రక్తం బయటికి పోయే దారి ఇరుకవుతుంది, ఆ కండరానికి సరిపడా రక్తం అందదు. గట్టిగా పరుగెత్తినప్పుడు ఛాతీ పట్టేయడం, ఆయాసం, కళ్లు తిరగడం వస్తాయి. ఒక్కోసారి గుండె లయ తప్పి మనిషి ఉన్నపళంగా కూలిపోతాడు. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మ్యాచ్ ఆడుతూ కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె పడిపోయి చనిపోయాడు. అతని వయసు 28. పోస్టుమార్టంలో ఈ జబ్బే బయటపడింది.

ఈ జబ్బు ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో వస్తుంది. బాబాయికి ఇదే ఉందని నేను అనడం లేదు, ఆయనకు పరీక్షలేవీ జరిగినట్టు మీరు రాయలేదు. ఒకవేళ ఉండి ఉంటే ఆయన అన్నదమ్ములకూ ఉండే వీలుంది. అంటే మీ నాన్నగారికి. అందుకే నాన్నగారికి కూడా ఈసీజీ, ఎకో తీయించమంటున్నాను. ఆయన గుండె బాగుందని తేలితే మీకూ చాలావరకు నిశ్చింత. చాలావరకు అని ఎందుకంటున్నానంటే, ఒక్కోసారి పెద్దవయసు దాకా జబ్బు ఎకోలో కనపడకపోవచ్చు.

‘ఫిట్స్ అన్నారు’ అని రాశారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. గుండె ఉన్నట్టుండి ఆగినప్పుడు మెదడుకు రక్తం అందక కొద్ది క్షణాలు కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, కళ్లు తేలేస్తారు. చూసేవాళ్లకు అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ లేని మనిషి ఆట మధ్యలో అలా పడిపోతే మొదట అనుమానించాల్సింది గుండెనే. ఆరోజు వాలీబాల్ కోర్టులో ఉన్నవాళ్లు ఊళ్లోనే ఉంటారు. నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. పడిపోకముందు ఏమైనా అన్నాడా? గుండె పట్టుకున్నాడా? అంతకుముందు ఎప్పుడైనా ఆడుతూ కళ్లు తిరిగి పడ్డాడా? ఎంతసేపు కొట్టుకున్నాడు? చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకోండి.

మీకు కళ్లు బైర్లు కమ్మినరోజు సంగతి కూడా గుర్తు తెచ్చుకోండి. పరుగెత్తుతుండగానే కమ్మాయా, గీత దాటి టక్కున ఆగాక కమ్మాయా? దమ్ము బిగబట్టి పరుగెత్తి ఒక్కసారిగా నిలబడిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగడం మామూలే, అందుకే పరుగయ్యాక ఒక రౌండు నడవమంటారు. పరుగు మధ్యలోనే కమ్మితే మాత్రం అది మామూలు విషయం కాదు. డాక్టరుతో ఈ తేడా స్పష్టంగా చెప్పండి. గత నెలా రెండు నెలల్లో వైరల్ జ్వరం వచ్చి తగ్గిందా అన్నది కూడా చెప్పాలి. జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు రావచ్చు. ఆ వాపుతో పరుగెత్తడం ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టర్లు మూడు నుంచి ఆరు నెలల విశ్రాంతి చెబుతారు.

ఈసీజీ ఒకటి చాలా అని అడిగారు. మీకు చాలదు. గుండె గోడ మందమెక్కిన వాళ్లలో ఎక్కువమందికి ఈసీజీలో తేడా కనిపిస్తుంది గానీ అందరికీ కనిపించదు. గుండెకు రక్తం ఇచ్చే ధమని పుట్టుకతోనే ఉండాల్సిన చోటు కాకుండా వేరేచోటి నుంచి బయల్దేరిన వాళ్లకైతే, విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఈసీజీ తర్వాత 2డి ఎకో తప్పనిసరి. ఆ రెండూ చూసి, టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తూ తీసే ఈసీజీ కావాలా, ఇంకేమైనా స్కాన్ కావాలా అన్నది గుండె డాక్టరు చెబుతారు. ఎకో కాకుండా మీ అంతట మీరు వెళ్లి ట్రెడ్‌మిల్ ఎక్కకండి. రక్తంలో కొలెస్టరాల్ కూడా చూపించుకోండి. వంశంలో చిన్న వయసు మరణం ఉన్నప్పుడు ఇరవై మూడేళ్లకే చూడటం తొందరేమీ కాదు. ముందుగా మీ దగ్గర్లోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి వెళ్లండి, ఈసీజీ అక్కడే తీస్తారు. ఎకోకు ఎక్కడికి వెళ్లాలో వాళ్లే రాసిస్తారు. ‘గ్యాస్ నొప్పి సార్’ అని మొదలుపెట్టకండి. ‘పరుగులో ఛాతీ పట్టేస్తోంది, ఒకసారి కళ్లు తిరిగాయి, మా బాబాయి 38 ఏళ్లకే ఆడుతూ చనిపోయాడు’ అని ఈ మూడు ముక్కలూ వరసగా చెప్పండి. ఏ డాక్టరైనా తేలిగ్గా తీసుకోలేరు.

ప్రీ వర్కౌట్ పౌడర్ ఈ రోజే ఆపేయండి. వాటిలో చాలావాటికి అసలు సరుకు కెఫీన్. కొన్నింట్లో ఒక్క స్కూపుకే 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే రెండు మూడు కప్పుల కాఫీ ఒక్క గుక్కలో తాగినట్టు. గుండె దడ, బీపీ పెరుగుతాయి. గుండె లయ తప్పే స్వభావం ఉన్నవాళ్లకు దాని మీద గట్టి పరుగు తోడైతే ప్రమాదం. కండ త్వరగా వస్తుందని ఎవరైనా ఇంజెక్షన్ వేయించుకోమంటే ఆ జిమ్ గడప మళ్లీ తొక్కకండి.

అన్‌ఫిట్ భయం నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి చదివి, ఒక్క ఉద్యోగం మీద ఇల్లంతా ఆశ పెట్టుకున్నప్పుడు పరీక్ష అంటేనే గుండె జారుతుంది. మీరు సొంతంగా ఆసుపత్రిలో చూపించుకున్న రిపోర్టు మీ చేతికే వస్తుంది. దాన్ని చూసి దాక్కోవాల్సిన పని లేదు. నొప్పి కండరానిదో ఆస్తమాదో అని తేలితే వైద్యం తీసుకుని ధైర్యంగా మళ్లీ ట్రాక్ మీదికి వెళ్తారు. అలా తేలడానికే ఎక్కువ అవకాశం, మీ వయసులో ఛాతీ నొప్పులు ఎక్కువగా అవే. ఒకవేళ గుండె గోడ మందంగా ఉందని తేలితే, ఆ 1600 మీటర్లు పరుగెత్తకుండా ఆపినందుకు మీ అమ్మానాన్నలు ఆ రిపోర్టుకు దండం పెడతారు. అప్పుడూ చదువు వృథా కాదు, పరుగుతో పనిలేని గ్రూప్స్ ఉద్యోగాలకు అదే చదువు పనికొస్తుంది. ఇంట్లో ఈ సాయంత్రమే చెప్పండి. బాబాయి పోయిన ఇల్లు కదా, భయపడతారు, కోప్పడతారు. అయినా చెప్పాల్సిందే, నాన్నగారికి కూడా పరీక్ష కావాలి మరి.

పరీక్షల్లో అంతా బాగుంటే ఇలా మొదలుపెట్టండి. మొదటి వారం మెల్లగా, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో జాగింగ్ మాత్రమే. పరుగుకు ముందు పది పదిహేను నిమిషాలు నడక, జాగింగ్‌తో ఒళ్లు వేడెక్కనివ్వండి. టైమింగ్ రోజూ చూసుకోవద్దు, వారానికి ఒక్కరోజు చాలు. జిమ్‌లో ఛాతీ వ్యాయామాలు నొప్పి పూర్తిగా పోయాకే, అవీ తక్కువ బరువుతో. పొగమంచు, పొగ ఉన్న రోజు కాసేపు పొద్దెక్కాక వెళ్లండి. జ్వరం వచ్చిన వారం గ్రౌండు వైపు వెళ్లకండి.

ఈ లోపల నొప్పి వచ్చి ఆగాక కూడా పది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టి ఎడమ చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా, ఒక పక్క ఛాతీలో ఉన్నట్టుండి పొడిచి ఊపిరాడకపోయినా 108కు ఫోన్ చేయండి. ఈ చివరిది సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లలో ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయటికి రావడం వల్ల జరుగుతుంది, ఎక్స్‌రేలో తెలుస్తుంది. బైక్ మీద మీరే నడుపుకుంటూ వెళ్లకండి.

మీ గ్రౌండులో రోజూ ఎంతోమంది పరుగెత్తుతుంటారు. వాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. ఎవరైనా పరుగులో కూలిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండా గాని, చేపలా నోరు తెరిచి మూస్తూ గాని ఉంటే గుండె ఆగినట్టే. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, చుట్టూ గుమిగూడి విసరడం మానేయాలి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా, ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ నడిమధ్యన రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అలసిపోతే మరొకరు అందుకోవాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో పడిపోయినప్పుడు అక్కడికక్కడే ఛాతీ నొక్కి, గుండెకు కరెంటు షాక్ ఇచ్చి బతికించారు. మరుసటి ఏడాది అతను మళ్లీ ఫుట్‌బాల్ ఆడాడు. మీ ఫ్రెండ్స్‌లో కనీసం నలుగురు ఇది నేర్చుకోండి. మీ ఏరియా ఆసుపత్రిలో గాని, 108 సిబ్బందిని గాని అడిగితే ఎలా నొక్కాలో చూపిస్తారు.

రిపోర్టులు వచ్చాక, మీవీ నాన్నగారివీ రెండూ, ఎకోలో ఏం రాశారో మాటకు మాట ఎత్తి రాసి పంపండి. బాబాయి గురించి ఊళ్లోవాళ్లు చెప్పింది కూడా రాయండి. అప్పుడు ఇంకొంచెం కచ్చితంగా మాట్లాడుకుందాం.